రేగడి నేలలో పెరటి కొలను: గొయ్యి కంటే ముందు నీటికి దారి

పెరట్లో చిన్న కొలను తవ్వుకుని నాలుగు కలువ దుంపలు, పది గప్పీ చేపలు వేసుకోవాలనుకునే వారికి నల్లరేగడి నేల మొదట్లో ఎంతో అనుకూలంగా కనిపిస్తుంది. నీరు త్వరగా ఇంకని నేల కదా, గొయ్యి తీస్తే చాలు, నీరు దానంతట అదే నిలుస్తుందని అనిపిస్తుంది. గుంటూరు జిల్లాలోని మా పెరట్లో నేను మొదటి కొలను తవ్వింది ఆ నమ్మకంతోనే. పది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతున గొయ్యి తీసి ప్లాస్టిక్ షీటు పరిచాను. ఎండాకాలమంతా బాగానే ఉంది. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టి వదిలిన మర్నాడు ఉదయం చూస్తే, షీటు నడిమి భాగం నూనెలో వేసిన పూరీలా పొంగి నీటి పైకి తేలి ఉంది. దాని మీద పెట్టిన కలువ కుండీ పక్కకు ఒరిగిపోయింది. గట్టు దాటి పొర్లిన నీటితో కొట్టుకుపోయిన గప్పీలు జామచెట్టు పాదులో పడి ఉన్నాయి. చేత్తో నొక్కితే షీటు కింద నీళ్ళు గుడగుడమంటూ పక్కకు జరిగాయి. బంకనేలలో కొలనుకు లోపలి నీటి కంటే బయటి నీటితోనే ఎక్కువ ముప్పు ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందుగా తెలుసుకుంటే, తర్వాత చేయవలసిన ప్రతి పనికీ కారణం అర్థమవుతుంది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంక ఖనిజాలు ఎక్కువగా ఉంటాయి. ఇవి తడిసినప్పుడు నీటిని తమ పొరల మధ్యకు తీసుకుని ఉబ్బుతాయి, ఆరినప్పుడు కుంచించుకుంటాయి. అందుకే వేసవిలో రేగడి చేలల్లో చెయ్యి దూరేంత బీటలు పడతాయి. ఇలాంటి నేలలో గొయ్యి తీయడమంటే భూమిలో ఒక గిన్నెను పాతిపెట్టడమే. తొలి వానలకు పైనీరు బీటల వెంట, తవ్వకంలో వదులైన మట్టి వెంట దిగి ఆ గిన్నె అడుగుకు చేరుతుంది. ఆలోగా నేల ఉబ్బి బీటలన్నీ మూసుకుపోతాయి కనుక, దిగిన నీటికి బయటపడే దారి ఉండదు. లోపలి నీరు షీటును కిందికి నొక్కుతుంటే, బయటి నీరు దాన్ని పైకి నెడుతుంది. బయటి మట్టం లోపలి మట్టం కంటే 10 సెంటీమీటర్లు ఎక్కువైనా సరే, చదరపు మీటరుకు 100 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పైకి పనిచేస్తుంది. నాలుగు రాళ్ళు పెడితే ఆగే ఒత్తిడి కాదది.

మన పాత చెరువులు కట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు. పాకాల, రామప్ప వంటి కాకతీయుల కాలపు చెరువులకే కాదు, ఊరి చివర చిన్న కుంటకు కూడా మిగులు నీరు పోవడానికి ఒక దారి ఉంటుంది. దాన్ని కొన్ని చోట్ల అలుగు అంటారు, కొన్ని చోట్ల కలుజు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. పేరు ఏదైనా, అలుగు లేని చెరువు నిలవదు. పెరటి కొలనుకూ అదే న్యాయం వర్తిస్తుంది, కాకపోతే ఇక్కడ రెండు దారులు కావాలి. ఒకటి కొలను నిండితే పైనుంచి పొర్లే నీటికి, రెండోది కొలను కింద చేరే నీటికి. ఈ రెండూ ఎక్కడికి పోతాయో తేలకుండా గడ్డపార పట్టకండి.

మీ మట్టి ఎలాంటిదో తేల్చుకోండి

నల్లగా ఉన్న మట్టి అంతా ఒకే తీరుగా ఉబ్బదు, ఎర్రగా ఉన్నదంతా ఉబ్బకుండా ఉండదు. రెండడుగుల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, తడిపి, పిసికి, అరచేతుల మధ్య పేనండి. అగ్గిపుల్ల మందం తాడు విరగకుండా వచ్చి, దాన్ని వేలికి ఉంగరంలా చుట్టినా చిట్లకపోతే అందులో బంకపాలు ఎక్కువని అర్థం.

ఎంత ఉబ్బుతుందో చూడడానికి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. ఎండబెట్టి దంచిన మట్టిని పిండి జల్లెడలో జల్లించి, సన్నటి పారదర్శక సీసాలు రెండింటిలో సమానంగా రెండేసి చెంచాలు వేయండి. ఒకదాన్ని నీటితో, రెండోదాన్ని కిరసనాయిలుతో నింపి, బుడగలు పోయేలా పుల్లతో కలిపి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. మర్నాటికి నీటి సీసాలోని మట్టి ఎత్తు, రెండో సీసాలోని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దాటితే ఆ నేలను ఉబ్బే నేలగానే భావించి పని చేయాలి. మా పెరటి మట్టి దాదాపు రెట్టింపయింది. మట్టి పరీక్షశాలల్లో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం మాత్రమే, అయినా ఏ జాగ్రత్తలు ఎంత గట్టిగా తీసుకోవాలో నిర్ణయించుకోవడానికి సరిపోతుంది.

ఆ తర్వాత, కొలను తవ్వదలచిన చోటికి రెండు గజాల దూరంలో అడుగు వెడల్పు, మూడడుగుల లోతు గొయ్యి తీసి నీటితో నింపి ఒక రాత్రి నానబెట్టండి. ఉదయం మళ్ళీ నింపి గంటకు ఎంత దిగుతుందో స్కేలుతో కొలవండి. గంటకు 5 మిల్లీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ ఇంకుడు గుంత పనికిరాదు. ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే మిగులు నీటికి ఏం చేయాలని అడిగితే చాలామంది వెంటనే ఇచ్చే సలహా ఇంకుడు గుంతే. నీటిని ఇంకించుకునే నేలలో అది మంచి పనే. ఉత్త రేగడిలో మాత్రం అది రెండో గిన్నె అవుతుంది, మొదటి వానకే నిండి, కొలను కింది నీటిని వెనక్కి తన్నుతుంది. మీ చోట రేగడి పొర పలచగా ఉండి దాని కింద మొరం తగిలితే, ఆ మొరంలోకి దింపి అదే పరీక్ష మళ్ళీ చేసి చూడండి. అక్కడ నీరు దిగితే గుంత పనికొస్తుంది.

చోటు, కాలం

ఇంటి పునాదికి కనీసం పది అడుగుల దూరం ఉండాలి. ఉబ్బే నేలలో ఒక పక్క ఎప్పుడూ తడిగా, ఇంకో పక్క పొడిగా ఉంటే గోడలు పగుళ్ళిస్తాయి. వేప, రావి వంటి పెద్ద చెట్లు వేసవిలో నేలలోని తడిని లాగేస్తాయి కాబట్టి వాటి దగ్గర బీటలు లోతుగా పడతాయి, వాటికీ దూరంగా ఉండండి. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల చూడగానే కొలనుకు తగినదనిపిస్తుంది కానీ, వాననీరంతా అక్కడికే చేరుతుంది, అక్కడి నుంచి బయటికి పోవడానికి ఇంకా పల్లం మిగలదు. పల్లానికి కొంచెం ఎగువన తవ్వి, ఆ పల్లాన్ని మిగులు నీటికి వదిలిపెట్టడం మేలు.

తవ్వడానికి మంచి కాలం మాఘ ఫాల్గుణ మాసాలు. వైశాఖంలో రేగడి రాయిలా గట్టిపడుతుంది, గడ్డపారకు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. వానాకాలంలో తవ్వితే పారకు, కాళ్ళకు అంటుకుని, గొయ్యి గోడలు పూత పూసినట్టు నున్నగా మెత్తబడి, కింద కాలువలు తీయడానికి వీలుండదు. గోడలు నిటారుగా కోయకండి. ఒక అడుగు లోతుకు ఒకటిన్నర అడుగుల చొప్పున వాలు ఇవ్వండి. కలువలకు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. మన ఎండలకు చేపలు తట్టుకోవాలంటే నడుమ కొంత భాగం 75 సెంటీమీటర్ల దాకా ఉండాలి. తవ్విన నల్లమట్టితో గట్టు పోయకండి. అది మొదటి ఏడు తడిసి కుంగుతుంది, ఆరి చీలుతుంది. గట్టుకు మొరం తెప్పించుకోవడమే సరైన పని.

కింది నీటికి దారి

ఈ పనిలో ఎక్కువ శ్రమ, ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. షీటు పరిచాక దీన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం.

గొయ్యి అడుగున, పొడవు వెంట నడుమ ఒక చిన్న కాలువ తీయండి, జానెడు వెడల్పు, జానెడు లోతు. దానికి రెండు వైపుల నుంచి చేప ముళ్ళలా ఏటవాలుగా మరికొన్ని పిల్ల కాలువలు కలపండి. నడిమి కాలువలో రంధ్రాలు పెట్టిన రెండంగుళాల పీవీసీ పైపును, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి పరిచి, పైన 20 ఎంఎం కంకర నింపండి. గుడ్డ చుట్టకపోతే రేగడి రేణువులు ఒకటి రెండు వానాకాలాల్లోనే రంధ్రాలను మూసేస్తాయి. పైపు రంధ్రాలు కింది వైపు ఉండాలి. పైపుకు నూటికి ఒకటి చొప్పున వాలు ఇవ్వాలి, అంటే పది మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్ల దిగుడు. వాలును కంటి అంచనాకు వదలకండి. మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ పైపుతో, ఇద్దరు పట్టుకుని, ప్రతి రెండు మీటర్లకూ మేకు కొట్టి గుర్తు పెట్టుకోండి.

ఈ పైపు కొలను హద్దు దాటాక రంధ్రాలు లేని పైపుగా మారి, కొలను అడుగు కంటే తక్కువ ఎత్తులో ఉన్న చోటికి తెరుచుకోవాలి. నేల వాలుగా ఉన్నవారికి ఇది సులువు. పైపు చివర బయటికి వచ్చిన చోట కప్పలు, ఎలుకలు దూరకుండా జాలీ కడితే చాలు. కోస్తా డెల్టాలో లాగా నేల సమంగా ఉంటే బయటికి వాలు దొరకదు. అప్పుడు కొలనుకు నాలుగైదు అడుగుల దూరంలో, కొలను అడుగు కంటే కనీసం అడుగున్నర లోతుగా ఒక చిన్న తొట్టి కట్టించి, కింది పైపును అందులో కలిపి, మట్టం పెరగగానే దానంతట అదే పనిచేసే ఫ్లోట్ స్విచ్ మోటారు పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది, కరెంటు పోయినప్పుడు ఆగుతుంది, అయినా సమతల రేగడి నేలలో ఇంతకంటే నమ్మదగిన మార్గం నాకు కనిపించలేదు. ఆ నీటిని పాత బోరు గొట్టంలోకి మాత్రం నేరుగా వదలకండి. పైనున్న మురికి అంతా తాగునీటి పొరలోకి దిగుతుంది.

కింది పైపు వల్ల మరో ఉపయోగం కూడా ఉంది. నేలలో మిగిలిన వేళ్ళు, ఆకులు షీటు కింద కుళ్ళినప్పుడు పుట్టే వాయువు కూడా షీటును పొంగిస్తుంది. పైపు ఎగువ చివరను గట్టు మీదికి లేపి మూతకు చిల్లులు పెడితే ఆ గాలి బయటికి పోతుంది.

ఇక్కడే ఒక చూపు గొట్టం కూడా పెట్టుకోండి. నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి కింది అడుగు భాగంలో రంధ్రాలు చేసి, కొలను పక్కన, కొలను అడుగు కంటే జానెడు లోతు దాకా నిలువుగా పాతి, చుట్టూ కంకర పోసి, పైన మూత పెట్టండి. అందులోకి ఒక పొడి కర్ర దింపితే కర్ర ఎంత తడిసిందో చూసి, నేల కింద నీరు ఏ మట్టంలో ఉందో నిమిషంలో తెలుస్తుంది. ఈ గొట్టం లేకుండా రేగడిలో కొలను నడపడమంటే కళ్ళు మూసుకుని నడవడమే.

షీటా, మట్టా, సిమెంటా

వరి మడిలో దమ్ము చేస్తే నీరు నిలిచినట్టే, కొలను అడుగున కూడా బంకమట్టిని తొక్కి, పొరలు పొరలుగా అడుగు మందం వేస్తే నీరు నిలుస్తుంది. ఇది ఎంతో పాత పద్ధతి, చవకైనది. అయితే ఆ పొర ఏడాది పొడవునా తడిగా ఉండాలి. మే నెలలో మన దగ్గర నీరు రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుంది, అంటే నెలలో జానెడు కంటే ఎక్కువే. ఆ జానెడు అంచు ఎండి బీటలిస్తే తర్వాత పోసిన నీరంతా అక్కడి నుంచే పోతుంది. రోజూ నీరు పోయగలిగినవారే దీనికి పూనుకోవాలి. మట్టి కొలనులో బంగారుతీగ చేపను వేయకండి, అది అడుగు మట్టిని తవ్వి తింటుంది కనుక పొర దెబ్బతింటుంది, నీరు ఎప్పటికీ తేటపడదు.

ఉబ్బే నేల మీద సిమెంటు తొట్టి నేరుగా కట్టడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. రేగడి నేలల్లో కాలువలకు వేసిన లైనింగ్ పగిలిపోవడం మన ఇంజనీర్లకు చాలాకాలం తలనొప్పిగా ఉండేది. ఉబ్బే నేలకూ లైనింగ్‌కూ మధ్య ఉబ్బని, అతుక్కునే గుణం ఉన్న మట్టిని మందంగా వేసి కుదించాలన్న పరిష్కారం ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధనలతో వాడుకలోకి వచ్చింది. ఉబ్బే నేలల్లో కాలువల లైనింగ్ గురించి ఐఎస్ 9451 అనే భారత ప్రమాణమే ఉంది. పెద్ద కాలువలకు వేసేంత మందం పెరటి కొలనుకు వేయలేము కానీ, ఆ ఆలోచనను మాత్రం వాడుకోవచ్చు. గొయ్యిని ఆ మేరకు లోతుగా తవ్వి, రాళ్ళు ఏరేసిన మొరాన్ని అడుగునా గోడలకూ కనీసం జానెడు మందం వేసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచి, దాని మీద షీటు పరిస్తే రేగడి కదలిక షీటు దాకా నేరుగా రాదు.

కాబట్టి ఎక్కువమందికి షీటే తగినది. రైతులు సేద్యపు కుంటలకు వాడే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు సులువుగా దొరుకుతుంది. చిన్న కొలను వంపులకు ఈపీడీఎం రబ్బరు షీటు బాగా ఒదుగుతుంది, ధర ఎక్కువ. మామూలు టార్పాలిన్ రెండు ఎండలకు పెళుసుబారుతుంది. షీటు కొలతకు లెక్క ఇది: పొడవుకు లోతు రెండింతలు, దానికి అంచులకు రెండడుగులు కలపాలి, వెడల్పుకూ అంతే. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు ఉంటే 4.8 మీటర్లు, 3.8 మీటర్ల షీటు కావాలి. షీటును బిగదీసి పరచకండి. వేసవిలో నేల కుంచించుకున్నప్పుడు అంచులు వెనక్కి లాగుతాయి, అందుకు సరిపడా వదులు ఉండాలి. అంచును మొరం గట్టులో జానెడు లోతు కాలువ తీసి అందులో పూడ్చండి. పైన షాబాద్ బండలు పరిస్తే వాటి మధ్య సందులు వదలండి, సిమెంటుతో బిగించకండి.

పై నీటికి అలుగు

వానకు కొలను ఎంత పెరుగుతుందన్నది అంచనా వేసుకోండి. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్ పరిసరాల్లో కొన్ని చోట్ల ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వానకు, బయటి నీరు చుక్క చేరకపోయినా, కొలను మట్టం అడుగు లేస్తుంది. ఇంటి పైకప్పు నీరు కూడా కొలనులోకి మళ్ళిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, మా కొలనులో పట్టేదే 3,600 లీటర్లు. పైకప్పు నీటిని సంపులోకి పంపండి.

గట్టు అంచుకు నాలుగంగుళాల కిందుగా, నాలుగంగుళాల పైపును అలుగుగా పెట్టండి. ఆరు చదరపు మీటర్ల కొలనుకు పడే నీటికి రెండంగుళాల పైపు చాలు కానీ, రాలిన ఆకులు రెండు వానలకే దాన్ని మూసేస్తాయి. షీటును కోసి పైపు దూర్చే కంటే, గట్టులో ఒక చోట రెండు చేతుల వెడల్పున పల్లం చేసి, షీటును ఆ పల్లం మీదుగా మడిచి, అక్కడి నుంచి పొర్లిన నీటిని కంకర కాలువలోకి దించి పైపుకు చేర్చడం మంచిది. కోత లేకపోతే కారడం ఉండదు. చేపలు పోకుండా పల్లానికి అడ్డంగా పెద్ద కన్నుల జాలీ పెట్టి, ముసురు రోజుల్లో పూటకోసారి ఆకులు తీసేయండి. అలుగు నీరు కింది పైపులో కలవకూడదు. కలిస్తే జోరువానలో అది నిండి, నీటిని కొలను కిందికే తోస్తుంది. పొర్లిన నీరు పక్కింటి ప్రహరీ కిందికి, మురుగు పైపులోకి పోకూడదు. అరటి, మెట్టతామర వంటి మొక్కలున్న పాదులకు మళ్ళించి, మిగిలినది వీధి వరద కాలువకు చేర్చండి. పాదుల్లో నీరు వారం పైగా నిలిస్తే దోమలు తయారవుతాయి, దోమ పిల్లలను తినే గప్పీలు అక్కడ ఉండవు కదా.

ఇప్పటికే ఉన్న కొలను పాడైతే

షీటు పొంగితే దానికి చిల్లు పెట్టకండి, కొలను ఖాళీ చేయకండి. ఖాళీ చేస్తే పైనుంచి నొక్కే బరువు పోయి ఇంకా లేస్తుంది. కొలనుకు రెండడుగుల దూరంలో, దాని అడుగు కంటే లోతుగా ఒక గొయ్యి తీసి, అందులో ఊరే నీటిని రోజూ తోడుతూ రండి. రేగడిలో నీరు నెమ్మదిగా కదులుతుంది, షీటు దిగడానికి మా దగ్గర ఆరు రోజులు పట్టింది. ఆ గొయ్యినే తర్వాత గొట్టం పెట్టి, కంకర నింపి, శాశ్వతంగా ఉంచుకోవచ్చు. గొయ్యి ఎండిపోయినా ఉబ్బు తగ్గకపోతే లోపల ఉన్నది వాయువని అర్థం, కాలితో మెల్లగా అంచు వైపు నొక్కుతూ బయటికి పంపండి.

నీరు తగ్గిపోతోందనిపిస్తే, బకెట్లో కొలను నీరు నింపి, కొలనులోని మెట్టు మీద లోపలి మట్టం, బయటి మట్టం సమానంగా ఉండేలా పెట్టండి. రెండు రోజుల తర్వాత రెండూ ఒకేలా తగ్గితే అది ఎండ తాగిన నీరు. కొలను ఎక్కువ తగ్గితే కారుతోందన్నమాట. నీరు ఏ మట్టం దగ్గర తగ్గడం ఆగిందో ఆ గీత వెంబడి వెతికితే చిల్లు దొరుకుతుంది.

వేసవిలో గట్టు చుట్టూ పడిన బీటల్లో ఇసుక, రాతిపొడి నింపడం చాలామంది చేసే పొరపాటు. వానకు రేగడి ఉబ్బినప్పుడు ఆ సందు మూసుకునే వీలు లేక, నేల కొలను వైపు తోసుకొస్తుంది, గట్టు వంగుతుంది. బదులుగా గట్టు చుట్టూ గజం వెడల్పున ఎండుటాకులు, వరిగడ్డి దట్టంగా పరిచి, వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా తడపండి. బీటలు అసలు లోతుగా పడవు.

నీరు బురదగా ఉండిపోతే బంక రేణువులు తేలుతున్నాయని అర్థం. పూర్వం తాగునీటి కుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చేవారు, కొలనుకు అది సాధ్యం కాదు. జిప్సం పనికొస్తుంది, ముందు బకెట్ నీటిలో చిటికెడు కలిపి మర్నాటికి తేరుతుందో లేదో చూసి, 3,600 లీటర్లకు ఒక కిలో మించకుండా నీటిలో కలిపి చల్లండి. పటిక నీటిలో ఆమ్లత పెంచుతుంది కాబట్టి చేపలున్న చోట వాడకండి.

అడుగు బురద తీయడానికి ఏడాదికి ఒకసారి కొలను ఖాళీ చేయవలసి వస్తుంది. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి, నేల కింది నీరు దిగడానికి ఆ తర్వాత ఇంకా కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి సంక్రాంతికి పెరడు ఎండినట్టు కనిపించినా తొందరపడకుండా, చూపు గొట్టంలోకి కర్ర దింపి చూస్తూ ఉండండి. కర్ర చివరిదాకా పొడిగా పైకి వచ్చిన రోజునే కొలనులో పెరిగిన తూడు మొక్కలు పీకి, నీరు తోడడం మొదలుపెట్టండి.